విశాఖలో ఆంత్రోపాలజీ చదవాలంటే: ఇంటి వరుసల నుంచి ఉద్యోగం దాకా

డిగ్రీ ఫలితాలు వచ్చే రోజుల్లో నాకు తెలిసినవాళ్ల పిల్లలు ఒకరిద్దరైనా ఫోన్ చేస్తారు. "ఆంత్రోపాలజీలో సీటు వచ్చేలా ఉందక్కా, చేరమంటావా?" అని. వెనక నుంచి వాళ్ల నాన్న గొంతు వినిపిస్తుంది: "అది చదివితే ఏం ఉద్యోగం వస్తుందో కనుక్కో." ఇద్దరూ అడగాల్సిందే అడుగుతున్నారు. ముందు నాన్నగారికి జవాబు చెప్తాను. 'ఆంత్రోపాలజిస్టు కావలెను' అని ప్రకటన వచ్చేది అరుదు. ఆ చదువు నేర్పే పనితనం కావాల్సిన కొలువులు మాత్రం చాలా ఉన్నాయి, అవి వేరే పేర్లతో ఉంటాయి. ఆ పేర్లు తెలియక మంచి విద్యార్థులు కూడా రెండేళ్లు చదివి, పట్టా పక్కన పెట్టి, సంబంధం లేని పనుల్లో చేరిపోవడం చూశాను. అలా జరగకుండా మొదటి రోజు నుంచి ఏం చేయాలో వరసగా చెప్తాను.

ముందు ఇది ఏ చదువో తెలుసుకోండి

తెలుగులో మానవశాస్త్రం. క్యాంపస్‌లో అందరూ ఆంత్రోపాలజీ అనే అంటారు. దీనికి నాలుగు కొమ్మలు. పెళ్లి, చుట్టరికం, సంత, జాతర, కట్టుబాటు లాంటివి చదివేది సామాజిక, సాంస్కృతిక శాఖ. పరిణామం, జన్యువులు, పోషణ, ఎముకలు, వేలిముద్రలు చదివేది భౌతిక శాఖ. రాతి పనిముట్లు మొదలుకొని పాతకాలపు మనిషి వదిలివెళ్లిన వస్తువులు చదివేది పురావస్తు శాఖ. నాలుగోది భాష.

సోషియాలజీకీ దీనికీ తేడా ఏమిటని అడుగుతారు. శరీరాన్నీ సమాజాన్నీ ఒకే చదువులో కలిపి చూడటం ఒక తేడా. రెండోది పద్ధతి. మొదటి ప్రపంచ యుద్ధం రోజుల్లో మాలినోవ్‌స్కీ అనే ఆంత్రోపాలజిస్టు పసిఫిక్‌లోని ట్రోబ్రియాండ్ దీవుల్లో గుడారం వేసుకుని, అక్కడివాళ్ల భాష నేర్చుకుని, వాళ్ల మధ్యే బతికి రాసుకున్నాడు. అప్పటి నుంచి అలా ఉండి చూడటమే ఈ చదువుకి వెన్నెముక అయింది.

మనవైపు ఇంకో పేరు చెప్పుకోవాలి. గిడుగు రామమూర్తి అంటే వ్యావహారిక భాషా ఉద్యమమే గుర్తొస్తుంది అందరికీ. ఆయన పర్లాకిమిడిలో పంతులుగా ఉంటూ సవరలనే గిరిజనుల భాష నేర్చుకున్నారు. 1931లో సవర భాష మీద ఆయన పుస్తకం, 1938లో సవర-ఇంగ్లీషు నిఘంటువు వచ్చాయి. ఆంత్రోపాలజీ పట్టా ఏదీ లేకుండానే ఆ పని చేశారు. ఈ సబ్జెక్టులో చేరే తెలుగు విద్యార్థులకి ఆయన్ని మొదటి పాఠంగా చెప్పాలని నా కోరిక.

చేరకముందే మూడు పనులు చేసి చూడండి

దరఖాస్తు పెట్టేలోపు మూడు ఆదివారాలు దీనికి ఇవ్వండి. విశాఖలో ఉన్నవాళ్లకి ఒక పక్క సముద్రం, ఇంకో పక్క ఏజెన్సీ. ఈ చదువుకి ఇంతకంటే అనువైన ఊరు నాకు తెలియదు.

మొదటి ఆదివారం ఇల్లు కదలక్కర్లేదు. నానమ్మ దగ్గరో అమ్మమ్మ దగ్గరో కూర్చుని మీ వంశవృక్షం గీయండి. మగవాళ్లకి త్రిభుజం, ఆడవాళ్లకి సున్నా, పెళ్లికి మధ్యలో రెండు అడ్డగీతలు, తోబుట్టువులని కలుపుతూ పైన ఒకే గీత, చనిపోయినవాళ్ల గుర్తు మీద ఏటవాలుగా ఒక కొట్టివేత. నాలుగు తరాలు వచ్చేదాకా ఆపకండి. తర్వాత ఒక్కొక్కరినీ మీరు ఏమని పిలుస్తారో పక్కన రాయండి. నాన్న చెల్లెలూ అత్తే, మేనమామ భార్యా అత్తే, పెళ్లయ్యాక వచ్చే అత్తగారూ అత్తే. పెదనాన్న పిల్లలు అన్నలు, అక్కలు. మేనత్త పిల్లలు మాత్రం బావలు, మరదళ్లు, వదినలు. మేనరికం ఉన్న సమాజంలో ఈ పిలుపులు ఎంత లెక్కగా అమరాయో గీసిన బొమ్మలో కనబడుతుంది. లూయిస్ హెన్రీ మోర్గాన్ అనే అమెరికన్ 1871లో ప్రపంచంలోని చుట్టరికాల మీద వేసిన పెద్ద పుస్తకం ఈ శాస్త్రానికి పునాదుల్లో ఒకటి. అందులో తమిళం, కన్నడంతో పాటు మన తెలుగు వరుసల పట్టిక కూడా ఉంది. మనం ఇంట్లో రోజూ వాడే మాటలు ఈ శాస్త్రం పుట్టిన నాడే అందులోకి వెళ్లాయన్నమాట. ఆ కాగితం పారేయకండి, దానితో పని పడుతుంది.

రెండో ఆదివారం తెల్లవారకముందే ఫిషింగ్ హార్బర్‌కో, పెదజాలారిపేట ఒడ్డుకో వెళ్లండి. మొదటి గంట ఎవరినీ ఏమీ అడగకండి, చూడండి. వేలం పాట ఎవరు పాడుతున్నారు? కొనే ఆడవాళ్లు గుంపుగా కొంటున్నారా, విడిగానా? చేప తట్టలోకి చేరేలోపు ఎన్ని చేతులు మారింది? ఒడ్డు మీద నిలబడి అలివి వల లాగేటప్పుడు తాడు పట్టిన అందరికీ వాటా ఉంటుందా, పడవ యజమానికి ఎంత, వలకి ఎంత? ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా 61 రోజులు మర పడవల వేటకి నిషేధం. ఆ రోజుల్లో వెళ్తే వల బాగు చేసుకుంటున్న పెద్దలు తీరిగ్గా దొరుకుతారు, మాట కలిపితే మాట్లాడతారు. వడబలిజలకీ జాలర్లకీ తేడా ఏమిటో పుస్తకం కంటే ముందు వాళ్ల నోట వినండి. ఇంటికొచ్చి అదే రోజు రాత్రి పడుకునేలోపు చూసినదంతా రాయండి. నాలుగు పేజీలు నిండితే మీలో ఈ చదువుకి కావలసిన చూపు ఉన్నట్టే.

మూడో ఆదివారం పొద్దున్నే కిరండూల్ రైలెక్కి అరకు. గిరిజన మ్యూజియం చూడండి గానీ ఎక్కువసేపు మాత్రం జనంలో ఉండండి. ఏ మండలంలో ఏ రోజు సంతో కనుక్కుని, సంత రోజుకి వెళ్లగలిగితే మరీ మంచిది. చింతపండు, పసుపు, రాజ్‌మా, అడ్డాకులు అమ్మడానికి వచ్చినవాళ్లు ఎవరితో ఏ భాష మాట్లాడుతున్నారో వినండి. తెలుగు, ఆదివాసీ ఒడియా, కువి ఒకే వరసలో వినిపిస్తాయి. రిసార్టులో భోజనాల వేళ ఆడే థింసా ఒకటి, ఊళ్లో పండగనాడు తుడుం, మోరి మోగుతుంటే ఆడే థింసా ఒకటి. ఆ రెండింటి మధ్య ఏం మారిందో ఆలోచించడం మొదలైతే మీరు సగం విద్యార్థి అయిపోయినట్టే.

ఈ మూడు రోజులూ విసుగు పుట్టిస్తే చేరకండి, నిజాయితీగా చెప్తున్నాను. కొత్తవాళ్లతో కూర్చోవడం ఇష్టం లేనివాళ్లకి ఈ రెండేళ్లు శిక్ష అవుతాయి.

సీటు సంగతి

ఇది క్లుప్తంగా చెప్పేస్తాను. డిగ్రీలో ఆంత్రోపాలజీ దొరికే కాలేజీలు మన దగ్గర తక్కువ, కాబట్టి ఎక్కువమంది పీజీలోనే మొదలుపెడతారు. ఆంధ్ర విశ్వవిద్యాలయంలో ఈ విభాగం పాతది, పేరున్నది. రాష్ట్రంలోని విశ్వవిద్యాలయాల పీజీ సీట్లకి 2021 నుంచి ఏపీ పీజీసెట్ అనే ఉమ్మడి పరీక్ష ఉంది. మీ డిగ్రీకి ఏ పరీక్ష రాయాలో ఆ ఏడాది నోటిఫికేషన్‌లో చూసుకోండి, పక్కవాళ్ల మాట మీద ఫీజు కట్టకండి. తిరుపతిలో శ్రీవేంకటేశ్వర విశ్వవిద్యాలయం ఉంది. హైదరాబాద్ కేంద్రీయ విశ్వవిద్యాలయానికి సీయూఈటీ పీజీ అనే జాతీయ ప్రవేశ పరీక్ష రాయాలి. భువనేశ్వర్‌లో ఉత్కళ విశ్వవిద్యాలయం మనకి ఒక రైలు ప్రయాణం దూరమే. ఉద్యోగం చేసుకుంటూ చదవాలనుకునేవాళ్లకి దూరవిద్య నేర్పే ఇగ్నోలో కూడా ఈ కోర్సు ఉంది, దాని ప్రాంతీయ కేంద్రం విశాఖలోనే ఉంది. విజయనగరంలో 2019లో మొదలైన కేంద్రీయ గిరిజన విశ్వవిద్యాలయం కోర్సులు కూడా ఒకసారి చూడండి.

సైన్సు డిగ్రీ వాళ్లు భౌతిక శాఖ వైపు, ఆర్ట్స్ వాళ్లు సామాజిక శాఖ వైపు మొగ్గడం మామూలు. ఆ అలవాటు మీరు పాటించక్కర్లేదు. ఏజెన్సీలో సికిల్ సెల్ రక్తహీనత మీద పని చేయాలంటే జన్యువు ఎలా సంక్రమిస్తుందో తెలియాలి, పెళ్లి సంబంధాలు ఎలా కుదురుతాయో కూడా తెలియాలి. ఒక్కటే తెలిసినవాళ్లు అక్కడ ఆగిపోతారు.

ఫీల్డ్‌వర్క్: రెండేళ్లలో అసలు చదువు ఇదే

నేను మొదటిసారి ఏజెన్సీ ఊరికి వెళ్లినప్పుడు చేతిలో పద్నాలుగు పేజీల ప్రశ్నావళి ఉంది. మొదటి ఇంట్లో ఒక పెద్దావిడ అరుగు మీద కూర్చుని ఉంది. నమస్కారం పెట్టి, "నెలకి ఆదాయం ఎంతమ్మా?" అని మొదలుపెట్టాను. ఆవిడ నా మొహం చూసి, లేచి, చోళ్లు దంచుకోవడానికి లోపలికి వెళ్లిపోయింది. ఆ రోజు ఇంకే ఇంట్లోనూ నాకు జవాబు రాలేదు. మర్నాడు కాగితాలు సంచిలోంచి తీయకుండా ఆవిడ పక్కన కూర్చుని చింతపండు గింజలు తీశాను. మధ్యాహ్నానికి ఆవిడే నన్ను అడగడం మొదలెట్టింది: ఎవరి పిల్లవి, మీ ఊరెక్కడ, అన్నదమ్ములెంతమంది, పెళ్లయిందా? జవాబులు చెప్పాను. అన్నం పెట్టింది. సాయంత్రానికి నేను అడగాలనుకున్న వాటిలో సగం అడక్కుండానే తెలిసింది. నెల ఆదాయం అనే లెక్కే ఆ ఇంట్లో లేదు. కాఫీ ఒక కాలంలో, పసుపు ఒక కాలంలో, కూలి ఇంకో కాలంలో వస్తాయి. నా ప్రశ్నే తప్పు.

అందుకని ఈ క్రమం పాటించండి. ఊళ్లో అడుగుపెట్టగానే పెద్దని, సర్పంచిని, వీలైతే అంగన్‌వాడీ టీచర్ని కలిసి ఎందుకొచ్చారో చెప్పండి. పథకం ఇప్పిస్తారేమో అని జనం ఆశపడతారు, ఇప్పించలేనని మొదటిరోజే చెప్పాలి. మొదటి రెండు రోజులు ఊరి పటం గీయండి: ఇళ్లు, నీళ్ల ఊట, బడి, శ్మశానం, అమ్మవారి చెట్టు, పోడు కొండ. తర్వాత ఇంటింటి జనాభా లెక్క, ఆ వెంట వంశవృక్షాలు. ఇంట్లో నేర్చుకున్న ఆ గుర్తులే ఇక్కడ పనికొస్తాయి. దిసారి (ముహూర్తాలు చూసే పూజారి), బారికి (ఊరికి కబురు చాటే మనిషి) లాంటి వాళ్లతో పొడుగాటి సంభాషణలు ఆ తర్వాతే. ప్రశ్నావళి అన్నిటికంటే చివర, అదీ అక్కడ విన్న మాటలతో తిరగరాశాక. ఏం చెప్తున్నారో ఒక పేజీలో, మీకేం అనిపించిందో ఎదురు పేజీలో రాయండి. రెండూ కలిపి రాస్తే ఆరు నెలల తర్వాత విడదీయలేరు.

నోట్స్ రెండు మూడు చోట్ల దాచండి. ఆంత్రోపాలజిస్టు ఎం.ఎన్. శ్రీనివాస్ 1948లో మైసూరు దగ్గర రాంపుర అనే ఊళ్లో ఉండి సేకరించిన సమాచారాన్ని ఏళ్ల తరబడి క్రమంలో పెట్టుకున్నారు. 1970లో స్టాన్‌ఫర్డ్‌లో ఆయన గది తగలబడి ఆ కాగితాల ప్రతులు కాలిపోయాయి. చాలామటుకు జ్ఞాపకం మీదే ఆ ఊరి గురించి పుస్తకం రాశారు. అది ఆయనకే చెల్లింది. మీరు మాత్రం ప్రతి రాత్రీ పేజీలు ఫొటో తీసి ఇంకో చోటకి పంపుకోండి. సిగ్నల్ లేని ఊరైతే సంతకి దిగిన రోజు పంపండి.

ఇక మర్యాద సంగతి. అడగకుండా ఫొటో తీయొద్దు. రికార్డరు కనబడేలా పెట్టండి. రాసేటప్పుడు మనుషుల పేర్లు మార్చండి, చెప్పొద్దన్నది రాయొద్దు. ఇంత గట్టిగా ఎందుకు చెప్తున్నానంటే ఈ శాస్త్రం మన నేల మీద చేసిన తప్పులు ఉన్నాయి. మద్రాసు మ్యూజియం అధిపతి ఎడ్గార్ థర్‌స్టన్ దక్షిణ భారత కులాలు, తెగల మీద కె. రంగాచారి సాయంతో 1909లో ఏడు సంపుటాలు వేశాడు. అందులో సమాచారం ఈనాటికీ పనికొస్తుంది. కానీ ఆయన మనుషుల ముక్కులు, తలలు కొలిచి జాతులు తేల్చాలని చూశాడు. ఆ కాలంలోనే కొన్ని కులాల్నీ తెగల్నీ పుట్టుకతోనే నేరస్తులని ముద్ర వేసిన చట్టం కూడా ఉండేది. శరీర కొలతలు తీసే కాలిపర్ మీ చేతికి వచ్చిన రోజు ఇది గుర్తుండాలి. ఇప్పుడు మనం ఎత్తు, బరువు, దండచేయి చుట్టుకొలత కొలిచేది పిల్లలకి తిండి సరిపోతోందో లేదో తెలుసుకోవడానికి.

థీసిస్‌కి ఏ అంశం తీసుకోవాలని అడుగుతారు. చుట్టూ చూడండి. స్టీల్ ప్లాంటుకి భూములిచ్చిన ఊళ్లలో నిర్వాసితులకిచ్చిన ఆర్-కార్డు చేతిలో పట్టుకుని రెండో తరం ఎదురుచూస్తోంది. కాఫీ తోటలు వచ్చాక ఏజెన్సీలో ఆడవాళ్ల చేతికి డబ్బు వస్తోందా లేదా అన్నది ఇంకో అంశం. రింగు వలల వాడకం మీద మత్స్యకారుల మధ్య గొడవ, కొండవాలు కాలనీల్లో నీళ్ల కోసం పొత్తులు, పాడేరు మోదకొండమ్మ జాతరకి మైదానం నుంచి పెరుగుతున్న జనం... ఇంతవరకు ఎవరూ వెళ్లి రాయని చోటుకి వెళ్లండి. సీనియర్లు పదిమంది రాసిన ఊరికే పదకొండో వారిగా వెళ్తే ఆ ఊరివాళ్లు మీకంటే ముందే జవాబులు చెప్పేస్తారు.

పక్కన ఇంకొకటి నేర్చుకోండి

పట్టా ఒక్కటీ చాలదు. నా లెక్కలో అన్నిటికంటే విలువైనది ఒక గిరిజన భాష. ఆదివాసీ ఒడియా వస్తే పాడేరు, అరకు వైపు చాలా ఊళ్లలో దుబాసీ లేకుండా తిరగొచ్చు. పార్వతీపురం మన్యం వైపు సవర. రెండేళ్లలో మాట్లాడే మేరకు ఏదో ఒకటి వస్తుంది, మొదలుపెట్టాలి అంతే. ఆ తర్వాత గణాంకాలు, ఏదైనా సాఫ్ట్‌వేర్ మీద లెక్కలు చేయడం. పటాలు గీసే జీఐఎస్ వస్తే మరీ మంచిది.

చట్టాలు కూడా చదవండి. 1970 నాటి భూబదలాయింపు నిషేధ చట్టాన్ని ఏజెన్సీలో పిల్లలు కూడా వన్ ఆఫ్ సెవెంటీ అంటారు. ఏజెన్సీ గ్రామసభలకి అధికారాలిచ్చిన 1996 పెసా చట్టం, 2006 అటవీ హక్కుల చట్టం, 2013 భూసేకరణ చట్టం వరసగా చదవండి. అనంతగిరి మండలం బొర్రా ప్రాంతంలో గనుల లీజుల మీద సమత అనే సంస్థ వేసిన కేసులో 1997లో సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పు దేశమంతా చదువుతుంది. అది జరిగిన నేల మనకి బస్సు దూరంలో ఉంది.

కొలువులు ఏ పేర్లతో ఉంటాయి

'సోషల్ ఇంపాక్ట్ అసెస్‌మెంట్' అనే మాట గుర్తు పెట్టుకోండి. 2013 చట్టం ప్రకారం భూమి తీసుకునే ముందు, మినహాయింపులు పోను, ప్రజల జీవితం మీద పడే ప్రభావాన్ని అంచనా వేయాలి, ఆరు నెలల్లో ముగించాలి. ఆ బృందాల్లో ఊళ్లో కూర్చోగలిగినవాళ్లు కావాలి. పోలవరం ముంపులో కోయలు, కొండరెడ్లు ఏం కోల్పోయారో ఎకరాల్లో మాత్రమే లెక్క వేస్తే ఎంత తప్పవుతుందో ఆ పని చేసినవాళ్లకి తెలుసు.

అటవీ హక్కుల పని ఇంకొకటి. హక్కు పత్రం కోసం చూపించే సాక్ష్యాల్లో పాత రికార్డుల్లో ఉన్న పూర్వీకుల దాకా గీసిన వంశవృక్షాన్ని, ఊరి పెద్దల వాంగ్మూలాన్ని కూడా నిబంధనలు ఒప్పుకుంటాయి. నానమ్మ దగ్గర కూర్చుని గీసిన ఆ త్రిభుజాలు, సున్నాలే ఒక కుటుంబానికి పోడు భూమి మీద హక్కుకి ఆధారం కాగలవు. ఈ మాట నేను ఏ తండ్రికి చెప్పినా ఆయన గొంతు మారడం విన్నాను. స్వచ్ఛంద సంస్థల్లో ఈ కొలువులు 'ప్రాజెక్టు ఆఫీసర్', 'ఫీల్డ్ కోఆర్డినేటర్', 'రిసెర్చ్ అసోసియేట్' అని ఉంటాయి. మొదట్లో జీతం పెద్దగా ఉండదు, ఇంట్లో ముందే చెప్పండి.

ఆరోగ్యం వైపు అవకాశాలు పెరుగుతున్నాయి. 2023లో మొదలైన జాతీయ సికిల్ సెల్ మిషన్ గిరిజన ప్రాంతాల్లో ఏడు కోట్ల మందికి పరీక్షలు చేయాలని, 2047 నాటికి జబ్బుని ఆరోగ్య సమస్యగా లేకుండా చేయాలని పెట్టుకుంది. పరీక్ష చేయడం సులువు. జబ్బు జన్యువు మోస్తున్న అమ్మాయికి ఆ సంగతి పెళ్లి చెడకుండా, అవమానం కాకుండా ఎలా చెప్పాలన్నదే కష్టం. అక్కడ కావలసింది వరుసలు తెలిసిన మనిషి. పోషకాహారం, మాతాశిశు ఆరోగ్యం ప్రాజెక్టులూ ఇదే కోవ.

ప్రభుత్వంలో నేరుగా ఆంత్రోపాలజీ పేరుతో ఉండే కొలువులు ముఖ్యంగా ఆంత్రోపలాజికల్ సర్వే ఆఫ్ ఇండియాలో. 1945లో మొదలైంది, ప్రధాన కార్యాలయం కోల్‌కతా. అక్కడి ఆంత్రోపాలజిస్టు పోస్టులు యూపీఎస్‌సీ ద్వారా వస్తాయి, ఎప్పుడో ఒకసారి, కొద్దిగా. వాటికోసం కూర్చోకండి, వస్తే వదలకండి. ఐటీడీఏలు (సమగ్ర గిరిజనాభివృద్ధి సంస్థలు), గిరిజన పరిశోధన సంస్థలు, మ్యూజియంలు కాంట్రాక్టు మీద పరిశోధకులని తీసుకుంటాయి. 1956 నుంచి విశాఖ కేంద్రంగా ఉన్న గిరిజన సహకార సంస్థ ప్రకటనలు కూడా చూస్తూ ఉండండి.

బోధన వైపైతే యూజీసీ నెట్ అనే అర్హత పరీక్ష. పీజీలో 55 శాతం కావాలి, రిజర్వేషన్ వర్గాలకి 50. ఏడాదికి రెండుసార్లు ఉంటుంది. అందులో పరిశోధన చేసేవాళ్లకిచ్చే జేఆర్‌ఎఫ్ ఫెలోషిప్ వస్తే 2023 నుంచి మొదటి రెండేళ్లు నెలకి 37,000 రూపాయలు. ఎస్టీ విద్యార్థులకి ఏటా 750 జాతీయ ఫెలోషిప్‌లు విడిగా ఉన్నాయి, ఆ సంగతి తెలియక వదిలేసినవాళ్లు ఉన్నారు.

సివిల్స్ గురించి అడగనివాళ్లు లేరు. మెయిన్స్‌లో ఆంత్రోపాలజీ ఐచ్ఛికంగా రెండు పేపర్లు, ఒక్కోటి 250 మార్కులు. ఇంజినీర్లు, డాక్టర్లు కూడా దీన్నే ఎంచుకుంటారు, ఎం.ఏ. అక్కర్లేదు. సివిల్స్ ఒక్కదాని కోసమే ఎం.ఏ.లో చేరితే ఫీల్డ్‌వర్క్ భారంగా తోస్తుంది, చివరికి రెండూ సగం సగం అవుతాయి. ఏది ముందో తేల్చుకుని చేరండి.

కంపెనీల వైపు 'యూజర్ రిసెర్చర్' అనే కొలువుంది. జెనీవీవ్ బెల్ అనే ఆంత్రోపాలజిస్టు 1998లోనే ఇంటెల్‌లో చేరింది. ఇళ్లలో జనం యంత్రాల్ని నిజంగా ఎలా వాడతారో చూసి చెప్పడం ఆమె పని. ఇవి మనకి హైదరాబాద్, బెంగళూరుల్లో దొరుకుతాయి. మీ ఫీల్డ్ నోట్స్‌ని పది స్లైడ్లలో చెప్పగలగాలి, ఇంగ్లీషు ధారాళంగా ఉండాలి.

దరఖాస్తు రాసేటప్పుడు

'ఎం.ఏ. ఆంత్రోపాలజీ, ఫస్ట్ క్లాస్' అని రాసి ఊరుకుంటే అవతలివాళ్లకి ఏమీ అర్థం కాదు. చేసిన పనిని పనిగా రాయండి: ఫలానా మండలంలో ఎన్ని రోజులు ఉన్నారు, ఎన్ని ఇళ్ల సర్వే చేశారు, ఎన్ని ఇంటర్వ్యూలు, ఏ భాషలో, దుబాసీతోనా స్వయంగానా, ఎన్ని వంశవృక్షాలు, ఏ సాఫ్ట్‌వేర్ మీద లెక్క తీశారు. థీసిస్‌ని తెలుగులో రెండు పేజీలకి, ఇంగ్లీషులో రెండు పేజీలకి కుదించి దానికి జత చేయండి. తెలుగు ప్రతిని ఆ ఊరికి కూడా తీసుకెళ్లి, బడిలో ఒకటి, పెద్ద చేతిలో ఒకటి ఇచ్చి, చదివి వినిపించి రండి. తప్పులుంటే వాళ్లే దిద్దుతారు. దిద్దిన ప్రతినే దరఖాస్తుకి జతచేయండి.